చిలక పలికింది ఎవరి పలుకు? జోసే కారియోకా పాత్రపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

• ఒక కార్టూన్ పాత్ర పుట్టుకకు, ఆనాటి రాజకీయాలకు ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• బ్రెజిల్ సంస్కృతిలో ‘మలాండ్రో’ అనే మూర్తి స్వభావాన్ని తెలుసుకుంటారు.
• ఒకే పాత్ర సినిమాలోనూ, కామిక్ పత్రికలోనూ ఎందుకు వేరువేరుగా కనిపిస్తుందో పోల్చి చెప్పగలుగుతారు.
• జనాదరణ పొందిన పాత్రలను విమర్శించే పద్ధతిని ఇతర పాత్రలకు అన్వయించగలుగుతారు.

1. పరిచయం

నవలలోని పాత్రనూ నాటకంలోని పాత్రనూ విమర్శించడం మీకు అలవాటే. పిల్లలు నవ్వుకుంటూ చూసే కార్టూన్ బొమ్మను కూడా అంత శ్రద్ధగా పరిశీలించవలసిన అవసరం ఉందా అనే సందేహం మీకు రావచ్చు. అవసరం ఉంది. నవల చదివేవాళ్ల సంఖ్య పరిమితం. కార్టూన్ బొమ్మ అక్షరం రానివాళ్ల దాకా కూడా పోతుంది. ఒక దేశం గురించి మనకు ఏమీ తెలియనప్పుడు, ఆ దేశం పేరు చెప్పగానే మనసులో మెదిలే బొమ్మ చాలాసార్లు ఇలాంటి చోటునుంచే వచ్చి ఉంటుంది.

ఈ పాఠంలో మనం పరిశీలించే పాత్ర పేరు జోసే కారియోకా. బ్రెజిల్‌లో ‘జోసే’ అనే పేరును ముద్దుగా ‘జే’ అని పిలుస్తారు. అందుకే అక్కడివాళ్లకు ఈ చిలక ‘జే కారియోకా’. ‘కారియోకా’ అంటే రియో డి జనీరో నగరవాసి అని అర్థం. ఆకుపచ్చని ఒళ్లు, గడ్డితో అల్లిన టోపీ, కోటు, మెడకు బో టై, చంకలో గొడుగు, ముక్కున చుట్ట. తొలి సినిమాల్లో ఇదీ అతని వేషం.

ఈ చిలకను గీయించింది అమెరికాలోని వాల్ట్ డిస్నీ సంస్థ. బ్రెజిల్ పాఠకులు మాత్రం దీన్ని తమవాడిగా భావిస్తారు. పరాయివాళ్లు గీసిన బొమ్మ ఒక జాతికి సొంతబొమ్మ ఎలా అయింది? అయితే పూర్తిగా అయిందా? ఈ రెండు ప్రశ్నలూ పాఠం పొడవునా మనతో ఉంటాయి. తెలుగులో అర్థం తెలియకుండా ఇతరుల మాట అప్పగించడాన్ని ‘చిలకపలుకులు’ అంటాం. ఈ చిలక అప్పగించిన మాట ఎవరిదో, ఆ తరవాత తన మాట తాను నేర్చుకుందో లేదో చూడడమే మన పని.

2. పాత్ర పుట్టుక: 1941 నాటి పరిస్థితులు

ఏ పాత్రనైనా విమర్శించే ముందు అది ఎప్పుడు, ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలుసుకోవాలి.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933లో లాటిన్ అమెరికా దేశాల విషయంలో ‘మంచి పొరుగు’ విధానాన్ని ప్రకటించాడు. అంతకుముందు ఆ దేశాల్లోకి సైన్యాన్ని పంపి పెత్తనం చేసిన అమెరికా, ఇకపై స్నేహంతో మెలుగుతానని చెప్పడం దీని సారాంశం. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక ఈ స్నేహం మరింత అవసరమైంది. దక్షిణ అమెరికా దేశాలు జర్మనీ, ఇటలీల వైపు మొగ్గకుండా చూడడానికి 1940లో ఒక ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయం ఏర్పడింది. దాని అధిపతి నెల్సన్ రాక్‌ఫెల్లర్. సినిమా, రేడియో, పత్రికల ద్వారా స్నేహభావాన్ని పెంచడం ఆ కార్యాలయం పనుల్లో ఒకటి.

అదే సమయంలో డిస్నీ సంస్థ కష్టాల్లో ఉంది. 1940లో విడుదలైన ‘పినోకియో’, ‘ఫాంటేసియా’ చిత్రాలు పెట్టుబడిని రాబట్టలేకపోయాయి. యుద్ధంవల్ల యూరప్ మార్కెట్ మూతపడింది. 1941 మే నెలాఖరులో స్టూడియో కళాకారులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ఇంకా సాగుతుండగానే, ఆగస్టులో, వాల్ట్ డిస్నీ ప్రభుత్వ ప్రోత్సాహంతో తన కళాకారుల బృందాన్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికా యాత్రకు బయలుదేరాడు. మేరీ బ్లెయిర్, ఫ్రాంక్ థామస్ వంటి ప్రసిద్ధ చిత్రకారులు ఆ బృందంలో ఉన్నారు. బ్రెజిల్, అర్జెంటీనా, చిలీ మొదలైన దేశాల్లో వారు సంగీతం విన్నారు, బొమ్మలు గీసుకున్నారు, స్థానిక కళాకారులను కలుసుకున్నారు. ఆ యాత్ర ఫలితమే ‘సలూదోస్ అమీగోస్’ అనే చిత్రం. 42 నిమిషాల నిడివిగల ఈ చిత్రంలోని చివరి భాగంలో జోసే కారియోకా మొదటిసారి తెరమీదికి వచ్చాడు.

తేదీలు గమనించండి. బ్రెజిల్ ప్రభుత్వం జర్మనీ, ఇటలీలపై యుద్ధం ప్రకటించింది 1942 ఆగస్టు 22న. ఈ చిత్రం రియో డి జనీరోలో మొదటిసారి ప్రదర్శితమైంది ఆగస్టు 24న. మధ్యలో ఒక్కరోజే తేడా. అమెరికాలో విడుదల మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో జరిగింది. సినిమావల్ల యుద్ధ ప్రకటన వచ్చిందని దీని అర్థం కాదు. బ్రెజిల్ నౌకలను జర్మన్ జలాంతర్గాములు ముంచివేయడం అందుకు తక్షణ కారణం. కాని స్నేహ ప్రచారమూ యుద్ధ రాజకీయమూ ఒకే దారిలో నడిచాయని ఈ రెండు తేదీలూ చెబుతాయి.

పాత్రకు మూలం ఎవరనే విషయంలో బ్రెజిల్‌లో పలు కథనాలు ఉన్నాయి. ప్రఖ్యాత కార్టూనిస్టు జె. కార్లోస్ గీసిన చిలక బొమ్మే ప్రేరణ అని కొందరు అంటారు. ‘పోర్తెలా’ సాంబా బృందం నాయకుడు పావ్లో ద పోర్తెలా నడక, ఠీవి ఇందులో ఉన్నాయని మరికొందరు అంటారు. వీటికి తోడు బ్రెజిల్ జనంలో చిలక హాస్యకథలకు పెద్ద సంప్రదాయమే ఉంది. వాటిలో చిలక ఎప్పుడూ మాటకారి, తుంటరి. ఇన్ని కథనాలు నిలిచి ఉండడమే మనకు ముఖ్యమైన విషయం. ఈ పాత్రలో తమ వాటా ఉందని బ్రెజిల్ జనం మొదటినుంచీ అనుకుంటూ వచ్చారు.

గొంతు విషయంలో మాత్రం సందేహం లేదు. తొలి చిత్రాల్లో ఈ చిలకకు గొంతు ఇచ్చినవాడు జోసే దో పత్రోసీనియో ఒలివేరా అనే బ్రెజిల్ సంగీతకారుడు. ఆయన సావో పావ్లో రాష్ట్రానికి చెందినవాడు. అంటే రియో నగర ప్రతినిధిగా ప్రపంచానికి పరిచయమైన గొంతు రియోవాసిది కాదు. ఈ చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకోండి. తరవాత దీనితో పని ఉంది.

3. తెరమీద చిలక: దృశ్య పరిశీలన

‘సలూదోస్ అమీగోస్’ చివరి భాగం పేరు ‘అక్వరేలా దో బ్రజీల్’. బ్రెజిల్ నీటిరంగుల చిత్రం అని దీని అర్థం. అరీ బరోజో 1939లో కూర్చిన ప్రసిద్ధ గీతం పేరునే దీనికి పెట్టారు. ఒక కుంచె తెరమీద రంగులు అద్దుతూ పోతుంది. పువ్వులు పక్షులవుతాయి, ఆకులు రూపాలు మారతాయి. అలా పుట్టిన లోకంలో డొనాల్డ్ డక్‌కు జోసే కారియోకా ఎదురవుతాడు.

ఈ భాగంలో మూడు విషయాలు మీరు ప్రత్యేకంగా గమనించాలి.

మొదటిది, భాష. డొనాల్డ్ ఎవరో తెలియగానే జోసే అతన్ని కౌగిలించుకుని పోర్చుగీసులో గుక్కతిప్పుకోకుండా మాట్లాడేస్తాడు. డొనాల్డ్‌కు ఒక్క ముక్క అర్థం కాదు. నిఘంటువులు తెచ్చి తిరగేస్తాడు. ఆనాటి హాలీవుడ్ చిత్రాల్లో సాధారణంగా పరదేశీయుడే ఇంగ్లీషు సరిగా రాక నవ్వులపాలవుతాడు. ఇక్కడ భాష రాక తికమకపడేది అమెరికా బాతు. జోసేకు రెండు భాషలూ వచ్చు. ఈ గౌరవం ఈ పాత్రకు దక్కిందని ఒప్పుకోవాలి.

రెండోది, నైపుణ్యం. జోసే చేతిలో గొడుగు పిల్లనగ్రోవి అవుతుంది, టోపీ వాద్యమవుతుంది. ఏమీ లేనిచోట సంగీతం పుట్టించే తెలివి అతనిది. డొనాల్డ్ బ్రెజిల్ చెరకు సారా తాగి నోటినుంచి మంట కక్కితే, జోసే ఆ మంటతో చుట్ట ముట్టించుకుంటాడు. ఇద్దరిలో నిబ్బరం గలవాడు ఎవరో ఆ ఒక్క చేష్ట చెబుతుంది.

మూడోది, పాత్ర చేసే పని. ఇక్కడ ఆగి ఆలోచించండి. జోసే ఈ చిత్రంలో ఏం చేస్తాడు? అతిథికి ఊరు చూపిస్తాడు, సాంబా నేర్పుతాడు, తాగిస్తాడు, రాత్రి విందుకు తీసుకుపోతాడు. అతని ఇల్లు ఎక్కడ? అతను ఏం తిని బతుకుతాడు? అతనికి కావలసింది ఏమిటి? ఈ ప్రశ్నలకు చిత్రంలో జవాబు లేదు. డొనాల్డ్‌కు కోపం, ఆశ, ఓటమి ఉన్నాయి. జోసేకు చిరునవ్వు మాత్రమే ఉంది. కథలో కోరిక లేని పాత్ర ఎంత అందంగా ఉన్నా అది ఇతరుల కోరిక తీర్చడానికే ఉంటుంది. తొలి చిత్రంలో జోసే స్థానం ఆతిథేయుడిది, ఇంకా సూటిగా చెప్పాలంటే పర్యాటక మార్గదర్శిది.

1944 డిసెంబరులో మెక్సికో నగరంలో మొదట ప్రదర్శితమైన ‘త్రీ కాబయేరోస్’ చిత్రంలో మెక్సికోకు చెందిన పాంచీతో అనే కోడిపుంజు వీరిద్దరికీ తోడవుతుంది. ఇందులోనూ జోసే డొనాల్డ్‌ను బహియా చూపడానికి తీసుకుపోతాడు. 1948లో వచ్చిన ‘మెలొడీ టైమ్’లోని సాంబా భాగంలో మాత్రం డొనాల్డ్‌తోపాటు అతనూ దిగులుగా ఉంటాడు. మొదటి రెండు చిత్రాల్లో అతని ఉద్యోగం మారలేదు.

4. మలాండ్రో: వేషమూ కారణమూ

జోసే కారియోకా వేషం డిస్నీ చిత్రకారుల ఊహలోంచి ఊడిపడింది కాదు. రియో వీధుల్లో, సాంబా పాటల్లో అప్పటికే ప్రసిద్ధమైన ‘మలాండ్రో’ అనే మూర్తికి అది దగ్గరి పోలిక. మలాండ్రో అంటే ఒళ్లు వంచి ఉద్యోగం చేయనివాడు. తెలివితో, మాటతో, అప్పుతో రోజు గడిపేవాడు. జేబు ఖాళీ అయినా బట్టలు మాత్రం నలగనివ్వడు. పోలీసుకు చిక్కడు, యజమానికి లొంగడు.

ఇలాంటివాణ్ణి ‘సోమరి’ అని ఒక్కమాటలో తేల్చేయడం తేలిక. విమర్శకులుగా మీరు ఇంకో మెట్టు దిగి చూడాలి. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. విముక్తి పొందిన నల్లజాతి ప్రజలకు భూమి ఇవ్వలేదు, చదువు ఇవ్వలేదు, పరిహారం ఇవ్వలేదు. వారిలో ఎందరో రియో కొండవాలుల్లో గుడిసెలు వేసుకున్నారు. సాంబా ఆ జీవితంలో పెరిగిన సంగీతం. నిన్నటిదాకా కొరడా కింద చేసిన పనికే ఇవాళ చాలీచాలని కూలి ఇస్తామంటే, దానికి తలవంచకపోవడం కొందరికి ఆత్మగౌరవం అయింది. మలాండ్రో నవ్వు వెనక ఈ నిరాకరణ ఉంది. అతని నలగని కోటు తాను ఎవరి బానిసా కాననే ప్రకటన.

బ్రెజిల్ విమర్శకులు ఈ మూర్తిని చాలా తీవ్రంగా పట్టించుకున్నారు. ఆంటోనియో కాందీదో 1970లో రాసిన ‘మలాండ్రో తత్వపు గతితర్కం’ అనే వ్యాసంలో పంతొమ్మిదో శతాబ్దపు నవల ఒకటి తీసుకుని, క్రమానికీ అక్రమానికీ మధ్య ఇటూ అటూ తిరిగే సమాజాన్ని అందులో గుర్తించాడు. మానవశాస్త్రవేత్త రొబెర్తో దామత్తా 1979 నాటి తన గ్రంథంలో మలాండ్రోను బ్రెజిల్ సమాజాన్ని అర్థం చేసుకునే తాళంచెవుల్లో ఒకటిగా చూపాడు.

ఇప్పుడు ఒక వైరుధ్యాన్ని గమనించండి. 1937నుంచి 1945దాకా బ్రెజిల్‌ను జెతూలియో వర్గాస్ నియంతగా పాలించాడు. కష్టపడి పనిచేసే కార్మికుడే ఆదర్శ పౌరుడని ఆ ప్రభుత్వం ప్రచారం చేసింది. 1939లో ఏర్పడిన పత్రికా ప్రచార శాఖ సాంబా పాటల్లో మలాండ్రోను పొగడడాన్ని అరికట్టింది. 1933లో మలాండ్రో ఠీవిని పాటకట్టిన విల్సన్ బతీస్తా, 1940లో ట్రామెక్కి పనికి పోయే కార్మికుణ్ణి మెచ్చుకునే పాటకు భాగస్వామి కావలసి వచ్చింది. పాటలో మలాండ్రోను సహించని ఆ కాలంలోనే, ఆ ప్రభుత్వ పాలనలోనే, మలాండ్రో వేషం వేసుకున్న చిలక రియో తెరమీదికి దర్జాగా వచ్చింది.

ఇది ఎలా సాధ్యమైంది? డిస్నీ చిత్రంలో మలాండ్రో వేషం ఉంది, అతను అలా ఉండడానికి కారణం లేదు. కోటు ఉంది, ఖాళీ జేబు లేదు. సాంబా ఉంది, కొండమీది గుడిసె లేదు. కారణం తీసేసిన వేషం ఎవరినీ భయపెట్టదు. అలాంటి వేషాన్ని ప్రభుత్వాలు ఆదరిస్తాయి, పర్యాటక ప్రకటనలు వాడుకుంటాయి. ఈ పాఠంలో మీరు తప్పక గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదే: ఒక మూర్తిని కొత్త మాధ్యమం తీసుకున్నప్పుడు దాని వేషం ఒక్కటే వచ్చిందా, కారణం కూడా వచ్చిందా అని అడగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

సూచన: మీ సమాధానాలు నోటుపుస్తకంలో రాసుకుని, పై భాగాలతో పోల్చి చూసుకోండి.

అ) 1942 ఆగస్టు 22, 24 తేదీల ప్రాముఖ్యం ఏమిటి?
ఆ) భాష విషయంలో ‘సలూదోస్ అమీగోస్’ ఆనాటి ఇతర చిత్రాలకు ఎలా భిన్నమైంది?
ఇ) ‘వేషం ఉంది, కారణం లేదు’ అనే మాటను జోసే కారియోకాకు అన్వయించి మూడు వాక్యాలు రాయండి.

5. తెరమీద కనిపించనివాళ్లు

విమర్శలో కనిపించేదాన్ని చదవడం ఒక ఎత్తు. కనిపించనిదాన్ని గుర్తించడం మరొక ఎత్తు. ‘త్రీ కాబయేరోస్’లోని బహియా భాగాన్ని చూడండి. బహియా రాష్ట్రం, దాని రాజధాని సాల్వడార్, ఆఫ్రికా మూలాలున్న బ్రెజిల్ ప్రజల సంస్కృతికి ఆయువుపట్టు. అక్కడి వంట, సంగీతం, ఆరాధన అన్నిటిలో ఆ ముద్ర ఉంటుంది. చిత్రంలో బహియా వీధిలో మిఠాయిలు అమ్మే స్త్రీగా అరోరా మిరాండా కనిపిస్తుంది. ఆమె ప్రసిద్ధ గాయని కార్మెన్ మిరాండాకు చెల్లెలు. సజీవ నటులనూ గీసిన బొమ్మలనూ ఒకే చట్రంలో కలిపిన ఆ సన్నివేశం సాంకేతికంగా ఆ కాలానికి గొప్పదే. కాని ఆ వీధిలో నల్లజాతి మనుషులు దాదాపు లేరు. నల్లవాళ్ల నగరాన్ని నల్లవాళ్లు లేకుండా చూపించిన చిత్రమిది.

దీనితో చిలక రంగుకు సంబంధం ఉంది. మలాండ్రోను మనిషిగా చూపితే అతని ఒంటిరంగు చెప్పక తప్పదు. చిలకగా చూపితే ఆ అవసరం లేదు. చిలక ఆకుపచ్చగా ఉంటుంది, అది బ్రెజిల్ జెండా రంగు కూడా. జాతి వివక్ష అనే ప్రశ్నను జెండా రంగు కప్పేసింది. చిత్రకారులు బుద్ధిపూర్వకంగా ఇలా చేశారని నిరూపించవలసిన అవసరం మనకు లేదు. ఉద్దేశం ఏదైనా ఫలితం మన కళ్లెదుట ఉంది.

మనుషులనే చూపించి ఉంటే ఏమయ్యేది? దీనికి జవాబు ఊహించనక్కర్లేదు, చరిత్రలోనే ఉంది. 1942లోనే, అదే రాక్‌ఫెల్లర్ కార్యాలయం ప్రోత్సాహంతో, దర్శకుడు ఆర్సన్ వెల్స్ ‘ఇట్స్ ఆల్ ట్రూ’ అనే చిత్రం తీయడానికి బ్రెజిల్ వెళ్లాడు. కార్నివాల్‌ను చిత్రిస్తూ సాంబా పుట్టింటిని వెతుక్కుంటూ కొండవాలు బస్తీల్లోకి, నల్లజాతి కళాకారుల మధ్యకు పోయాడు. 1941లో తమ హక్కులు విన్నవించుకోవడానికి ఈశాన్య బ్రెజిల్‌లోని ఫోర్తలేజానుంచి రియోదాకా తెప్పమీద ప్రయాణించిన నలుగురు జాలరుల కథను కూడా అందులో చేర్చాడు. చిత్రీకరణలో ఆ జాలరుల నాయకుడు, ‘జకరే’ అని అందరూ పిలుచుకునే మనోయెల్ ఒలింపియో మేరా, రియో సముద్రంలో మునిగి చనిపోయాడు. వెల్స్ చిత్రిస్తున్నది స్టూడియోకూ నచ్చలేదు, బ్రెజిల్ అధికారులకూ నచ్చలేదు. స్టూడియో యాజమాన్యం మారి, డబ్బు ఆగిపోయింది. చిత్రం అసంపూర్ణంగా మిగిలింది. మిగిలిన ఫిల్మునుంచి కొంత భాగం కూర్చిన డాక్యుమెంటరీ 1993లో గాని ప్రేక్షకులకు అందలేదు.

రెండు చిత్రాలకూ ప్రోత్సాహం ఒకే చోటునుంచి వచ్చింది, దేశం ఒకటే, సంవత్సరం ఒకటే. చిలకకు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మనుషులు డబ్బాల్లో మగ్గిపోయారు. అందుకు ఒక్క కారణమే లేదు. వెల్స్ పని తీరు, ఖర్చు, స్టూడియో అంతర్గత తగాదాలు కూడా ఉన్నాయి. అయినా ఈ పోలిక జోసే కారియోకా విజయానికి చెల్లించిన మూల్యమేమిటో చూపుతుంది.

6. జోసే నుంచి జే దాకా: బ్రెజిల్ కామిక్ పత్రికలు

ఈ పాత్ర కథ 1940లలోనే ముగిసి ఉంటే మన విమర్శ కూడా ఇక్కడితో ముగిసేది. అమెరికా వార్తాపత్రికల్లో 1942నుంచి 1944దాకా వచ్చిన ఆదివారం బొమ్మల కథల తరవాత అక్కడ జోసే వెనకబడిపోయాడు. అతని అసలు జీవితం బ్రెజిల్‌లో మొదలైంది.

విక్తర్ సివీతా స్థాపించిన అబ్రీల్ ప్రచురణ సంస్థ 1950లో డొనాల్డ్ డక్ పేరుతో పోర్చుగీసు కామిక్ పత్రికను ప్రారంభించింది. 1961లో జే కారియోకా పేరుతో విడి పత్రిక వచ్చింది. పత్రిక వచ్చిందిగాని నింపడానికి సరిపడా కథలు లేవు. దానికి సంపాదకులు ఒక ఉపాయం పన్నారు. డొనాల్డ్, మిక్కీల పాత కథలు తీసుకుని, ఆ బొమ్మల స్థానంలో జే బొమ్మ అతికించి ప్రచురించారు. ఆ పాత కథల్లో మేనల్లుళ్లు ఉంటారు. వాళ్లను ఏం చేయాలి? జేకు కూడా జీకో, జేకా అనే ఇద్దరు మేనల్లుళ్లు పుట్టుకొచ్చారు. పాత్రకు కుటుంబం ఏర్పడిన తీరు ఇది. అవసరం నవ్వు పుట్టించే పని చేయించినా, ఫలితం నిలిచిపోయింది.

1970లలో పరిస్థితి మారింది. రెనాతో కనీని అనే చిత్రకారుడి చేతికి జే వచ్చాడు. కనీని దక్షిణాది రాష్ట్రమైన రియో గ్రాండే దో సుల్‌కు చెందినవాడు, రియోవాసి కాదు. అయినా రియో గాలి ఆయన బొమ్మల్లో వీచింది. జే ఇల్లు కొండవాలులోని ‘విలా షురుపీటా’ అనే పేదబస్తీకి చేరింది. గోడల పెచ్చులు, ఆరేసిన బట్టలు, వీధి ఫుట్‌బాల్, కార్నివాల్ హడావుడి బొమ్మల వెనకభాగంలోకి వచ్చాయి. ఈవాన్ సైడెన్‌బెర్గ్ వంటి రచయితలు కొత్త కథలు రాశారు. నెస్తోర్, పెడ్రావ్ వంటి బస్తీ స్నేహితులు, సంపన్నుడైన రోషా వాజ్ కూతురు రోజీన్యాతో ప్రేమ, ఆమెకోసం పోటీపడే జే గాలో, పెడ్రావ్ ఇంట నల్లచిక్కుళ్లూ మాంసమూ కలిపి వండే ఫెయిజోవాడ విందు, ఇదంతా ఒక లోకంగా అల్లుకుంది. క్రమంగా కోటు, టై, గొడుగు పోయి టీషర్టు వచ్చింది.

ఈ కథల్లో అన్నిటికంటే మంచి కల్పన ‘అనకోజెకా’. జే కారియోకా దగ్గర బాకీలు వసూలు చేసుకోవలసినవాళ్లు ఏర్పాటు చేసుకున్న జాతీయ సంఘం అది. ఒక్కడి అప్పుల కోసం ఒక జాతీయ సంఘం! వాళ్లు తలుపు తట్టగానే జే వెనక కిటికీలోంచి ఉడాయించవలసిందే. నవ్వు వస్తుంది. ఆ నవ్వులో ఒక విషయం ఇమిడి ఉంది. 1942 చిత్రంలో లేని ఖాళీ జేబు ఇక్కడికి తిరిగి వచ్చింది. ఆకలి, అప్పు, అద్దె, ధనికుడైన మామగారి ఎదుట చిన్నతనం, ఇవన్నీ వచ్చాయి. జేకు కోరిక వచ్చింది. కోరిక ఉన్నవాడికే ఓటమి ఉంటుంది, ఓటమి ఉన్నవాడే కథానాయకుడు అవుతాడు.

ఇప్పుడు 2వ భాగంలో గుర్తుపెట్టుకోమన్న విషయానికి రండి. గొంతు ఇచ్చినవాడు సావో పావ్లోవాడు, గీతలో ప్రాణం పోసినవాడు దక్షిణాదివాడు. పుట్టిన ఊరినిబట్టి పాత్రకు నిజాయితీ వస్తుందనుకోవడం సరికాదని దీనివల్ల తెలుస్తుంది. పాత్ర బతుకు ఎలా గడుస్తుందో ఆలోచించినవాడే దాన్ని సొంతం చేసుకోగలడు.

అయితే ఈ సొంతానికి హద్దు ఉంది. అప్పటి బ్రెజిల్ డిస్నీ కథలమీద చిత్రకారుల పేర్లు, రచయితల పేర్లు ఉండేవి కావు. పాఠకులు బొమ్మ చూసి ఇష్టపడేవారుగాని గీసిందెవరో వారికి తెలిసేది కాదు. కనీని గీత డిస్నీ నమూనాకు దూరమవుతోందనే అభ్యంతరం వచ్చి, 1970ల రెండో సగంలో ఆ పాత్ర ఆయన చేతినుంచి తప్పిపోయింది. తరవాతి కాలంలో ‘జే కారియోకాకు తండ్రి’ అని ఆయనను గౌరవించారు. 2013లో ఆయన మరణించాడు. తండ్రి అనిపించుకున్నవాడికి బిడ్డమీద హక్కు లేదు. చట్టం దృష్టిలో జే కారియోకా ఎప్పుడూ డిస్నీ సంస్థ ఆస్తే.

7. రెండు అభిప్రాయాలు, ఒక అంచనా

డిస్నీ కామిక్స్‌మీద వచ్చిన విమర్శల్లో అతి ప్రసిద్ధమైనది 1971లో చిలీలో వెలువడింది. అరియెల్ డోర్ఫ్‌మన్, ఆర్మాండ్ మత్తెలార్ కలిసి రాసిన ఆ పుస్తకం డొనాల్డ్ డక్‌ను చదవడమెలాగో చెబుతుంది. డిస్నీ లోకంలో తల్లిదండ్రులు ఉండరు, మామలూ మేనల్లుళ్లే ఉంటారు. వస్తువులు ఉంటాయి, వాటిని తయారుచేసే కార్మికులు కనిపించరు. పేద దేశాల ప్రజలు పసిపిల్లల్లా అమాయకులుగా ఉండి, తమ సంపదను పనికిరాని వస్తువులకు ఇచ్చివేస్తారు. నవ్వు చాటున సామ్రాజ్యవాద భావజాలం పిల్లల మనసుల్లోకి చేరుతుందని ఆ రచయితల వాదం. 1973 సైనిక కుట్ర తరవాత చిలీలో ఈ పుస్తకాన్ని తగలబెట్టారు. విమర్శకు ఎంత బలం ఉంటుందో ఆ మంటే చెబుతుంది.

ఈ వాదం 1940ల జోసేకు బాగా సరిపోతుంది. అతిథి సేవే అతని జీవితం, చరిత్ర లేదు, శ్రమ లేదు. మేనల్లుళ్ల విషయంలోనూ సరిపోతుంది, అమెరికా కథల చట్రమే జేకు మేనల్లుళ్లను తెచ్చిపెట్టింది. కాని 1970ల జేను ఈ వాదం పూర్తిగా వివరించలేదు. అక్కడ అప్పు ఉంది, వర్గభేదం ఉంది, ధనికులను వెక్కిరించే చూపు ఉంది. ఆ కథలు రాసి గీసినవాళ్లు బ్రెజిల్‌వాళ్లే. పైనుంచి వచ్చిన బొమ్మను కింద ఉన్నవాళ్లు అలాగే మింగేస్తారని అనుకోవడం పాఠకులనూ కళాకారులనూ తక్కువ అంచనా వేయడమే.

రెండో అభిప్రాయం దీనికి విరుద్ధం. జే పూర్తిగా బ్రెజిల్‌వాడైపోయాడు, ఇక పాత గొడవ ఎందుకని కొందరు అంటారు. ఇదీ అంగీకరించదగినది కాదు. పనిచేయక, అప్పులు ఎగ్గొట్టి, మాటలతో నెట్టుకొచ్చేవాడే సగటు రియోవాసి అనే ముద్ర ఈ కథలవల్ల కూడా బలపడింది. సూర్యుడు పొడవకముందే కొండ దిగి, రెండు బస్సులు మారి పనికి పోయే లక్షలాది కార్మికులు అదే నగరంలో ఉన్నారు. వారికి ఈ ముద్ర న్యాయం చేయదు. బస్తీ కథల్లోకి వచ్చినా, బస్తీని కమ్మిన జాతి వివక్ష, పోలీసు హింస ఈ పత్రికల్లోకి రాలేదు.

కాబట్టి మన అంచనా ఇలా ఉండాలి. జోసేగా ఈ పాత్ర అమెరికా దౌత్యం నేర్పిన మాటను అందంగా అప్పగించింది. జేగా తన మాట కొంత నేర్చుకుంది. కనీని, సైడెన్‌బెర్గ్ వంటివారు కారణం లేని వేషానికి కారణాన్ని తిరిగి ఇచ్చారు. అది చిన్న విజయం కాదు. అయితే పంజరం తలుపు తెరిచే హక్కు వారి చేతిలో లేదు. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా విమర్శ సగమే అవుతుంది.

8. మీరు నేర్చుకోవలసిన పద్ధతి

ఏ జనప్రియ పాత్రనైనా విమర్శించేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వరసగా వేసుకోండి.

1. ఈ పాత్ర ఎవరి అవసరం కోసం పుట్టింది? డబ్బు ఎవరిది, సందర్భం ఏమిటి?
2. కథలో ఈ పాత్ర కోరేది ఏమిటి? కోరిక లేకపోతే అది ఎవరి కోరికను తీరుస్తోంది?
3. వేషంతోపాటు కారణం వచ్చిందా? పాత్ర చుట్టూ ఉండవలసి ఉండీ కనిపించనివాళ్లు ఎవరు?
4. కాలం గడిచేకొద్దీ పాత్రను ఎవరు మార్చారు? మార్చినవారికి పేరూ హక్కూ దక్కాయా?

మొదటి ప్రశ్న దగ్గరే ఆగితే మీ విమర్శ ఆరోపణగా మిగులుతుంది. నాలుగో ప్రశ్నతోనే మొదలుపెడితే పొగడ్తగా మారుతుంది. నాలుగూ కలిస్తేనే అంచనా అవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

అ) బహియా సన్నివేశంలో లోపించినదేమిటి? చిలక రంగుతో దానికి సంబంధం ఏమిటి?
ఆ) జేకు మేనల్లుళ్లు ఎలా వచ్చారు?
ఇ) ‘అనకోజెకా’ కల్పనవల్ల పాత్రకు కలిగిన ప్రయోజనం ఏమిటి?

9. సారాంశం

జోసే కారియోకా 1941 డిస్నీ యాత్ర ఫలితంగా, ‘మంచి పొరుగు’ విధానం నీడలో పుట్టిన పాత్ర. 1942, 1944లలో వచ్చిన మొదటి రెండు చిత్రాల్లో అతను ఆతిథేయుడు మాత్రమే. రియో మలాండ్రో వేషం అతనికి దక్కిందిగాని, బానిసత్వ చరిత్రలోనూ పేదరికంలోనూ ఉన్న ఆ వేషపు కారణం దక్కలేదు. అదే కాలంలో మనుషులను చూపబోయిన వెల్స్ చిత్రం పూర్తికాలేదు. 1961నుంచి సొంత పత్రికతో, ముఖ్యంగా 1970లలో కనీని గీతతో, బ్రెజిల్ కళాకారులు పాత్రకు ఇల్లు, అప్పులు, స్నేహితులు, కోరికలు ఇచ్చారు. అయినా పాత్రమీద హక్కు వారికి రాలేదు, నగరంమీద పడిన ముద్ర పూర్తిగా చెరగలేదు.

10. కీలక పదాలు

కారియోకా: రియో డి జనీరో నగరవాసి.
మలాండ్రో: ఉద్యోగానికి లొంగక తెలివితో, ఠీవితో బతికే రియో నగరపు జానపద మూర్తి.
మంచి పొరుగు విధానం: లాటిన్ అమెరికా దేశాలతో స్నేహం కోరుతూ 1933లో అమెరికా ప్రకటించిన విధానం.
మూస చిత్రణ: ఒక సమూహాన్ని ఒకటి రెండు లక్షణాలకు కుదించి పదేపదే చూపడం.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.

1. జోసే కారియోకా పాత్ర పుట్టుకకు దోహదం చేసిన రాజకీయ, ఆర్థిక కారణాలను వివరించండి.
2. సినిమాలోని జోసేనూ, బ్రెజిల్ కామిక్ పత్రికల్లోని జేనూ పోల్చి విమర్శించండి.

ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానం రాయండి.

1. మలాండ్రో మూర్తికి, వర్గాస్ ప్రభుత్వ విధానానికి మధ్యగల వైరుధ్యాన్ని తెలపండి.
2. డోర్ఫ్‌మన్, మత్తెలార్‌ల వాదం జే కారియోకాకు ఎంతవరకు వర్తిస్తుంది?
3. మీరు చిన్నప్పుడు ఇష్టపడిన ఒక బొమ్మల కథలోని పాత్రను తీసుకుని, 8వ భాగంలోని నాలుగు ప్రశ్నల ఆధారంగా అంచనా వేయండి.